హద్దూ విరామమూ: గోరిష్కా బర్దా ద్రాక్షకొండలలో ఒక విచారణ

విరామమంటే పని లేకపోవడమేనా, లేక పనితో కొలవనక్కరలేని సొంత విలువ దానికి ఉన్నదా అన్న ప్రశ్న మతచింతనకూ తత్త్వశాస్త్రానికీ చాలా పాతది. నాగలి ఆగిన పొలాన్ని దూరం నుంచి చూసి అది బీడుపడిందో, సేదతీరుతున్నదో చెప్పడం కష్టం. మనిషి విరామం విషయంలోనూ ఆ తేడా పైకి కనిపించదు. ఈ ప్రశ్నను సాధారణంగా గ్రంథాల ఆధారంగా చర్చిస్తారు గాని, కొన్ని ప్రదేశాల విషయంలో వాటి చరిత్రే దానిని చర్చకు పెడుతుంది. స్లొవేనియా దేశపు పడమటి అంచున, ఇటలీ సరిహద్దును ఆనుకొని ఉన్న గోరిష్కా బర్దా అటువంటి ప్రదేశం. స్లొవేన్ భాషలో ‘బర్దా’ అంటే కొండలు, ‘గోరిష్కా’ అంటే గోరిజియా పట్టణానికి చెందినవి. సుమారు 72 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో ద్రాక్ష, చెర్రీ, ఆలివ్ తోటలతో పరచుకున్న ఈ కొండల మీదికి నేడు ఐరోపా దేశాల నుంచి సెలవులు గడపడానికి జనం వస్తారు. ఇవే కొండలు సరిహద్దుకు అవతల ఇటలీలో కొల్లియో అనే పేరుతో సాగుతాయి. ఆ పేరులో ఉన్నదీ కొండే. నేల ఒకటే, తీగ ఒకటే, పేర్ల భావమూ ఒకటే అయిన చోట ఇరవయ్యవ శతాబ్దం ఒక గీత గీసింది. ఆ గీతనూ, వారంలో ఒక రోజు చుట్టూ మతం గీసే గీతనూ పక్కపక్కన పెట్టి చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ విచారణను అక్కడి భాషతోనే మొదలుపెట్టవచ్చు. స్లొవేన్‌లో పండుగను ‘ప్రాజ్నిక్’ అంటారు. దాని మూలమైన ‘ప్రాజెన్’ అనే మాటకు ఖాళీ అయినది అని అర్థం. ఆదివారం పేరు ‘నెదెల్యా’, అంటే పని చేయనిది. సోమవారం ‘పొనెదెల్యెక్’, అంటే ఆ పని చేయని రోజుకు తరువాతిది. తెలుగులో వారాల పేర్లు గ్రహాలను బట్టి వస్తే, అక్కడ విరామదినమే మొదటి గుర్తుగా నిలిచి, దాని తరువాతి రోజులలో కొన్ని రెండవది, నాలుగవది, అయిదవది అనే లెక్కతో నడుస్తాయి. తెలుగు వాడుకలోని ‘సెలవు’ అనే మాట దీనికి మరొక పార్శ్వాన్ని చూపుతుంది. సెలవంటే పనిలేని రోజు మాత్రమే కాక అనుజ్ఞ కూడా. పెద్దల దగ్గర సెలవు తీసుకోవడం, పెద్దలు సెలవివ్వడం అనే నుడికారాలలో ఆ అర్థమే పలుకుతుంది. ఒక భాష విరామాన్ని ఖాళీగా చూస్తే మరొక భాష దానిని ఒకరు ఇవ్వగా మరొకరు పుచ్చుకునేదిగా చూసింది. ఈ రెండు భావాలూ కలిసిన ఆచారం ఒకటి బర్దాకు దక్షిణాన ఉన్న క్రాస్ పీఠభూమిలో నేటికీ ఉన్నది. రైతులు తమ ఇంటి పంటను, ఇంట తయారైన వైన్‌ను తమ ఇంటి ముంగిటే అమ్ముకోవడానికి 1784లో హాబ్స్‌బర్గ్ చక్రవర్తి రెండవ జోసెఫ్ అనుమతి ఇచ్చాడు. ఆ అనుమతి సంప్రదాయంగా ఎనిమిది రోజులది కావడంతో, ఎనిమిది అనే సంఖ్య పేరిట అది ‘ఓస్మిత్సా’ అయింది. రోడ్డు మలుపులో ఐవీ తీగ కొమ్మ కట్టి ఉంటే ఆ దారిలో ఒక ఇల్లు తలుపు తెరిచి ఉందని బాటసారులు గ్రహిస్తారు. ఆ కొమ్మ తీసివేసిన రోజున అది మళ్ళీ మామూలు ఇల్లు అవుతుంది. అంటే అక్కడ అతిథికి దొరికే విశ్రాంతి, అనుజ్ఞతో మొదలై గడువుతో ముగిసే విశ్రాంతి.

విరామానికి సొంత విలువ ఉందని తర్కబద్ధంగా వాదించినవారిలో అరిస్టాటిల్ ప్రముఖుడు. ‘నికోమాకియన్ ఎథిక్స్’ అనే నీతిశాస్త్ర గ్రంథం పదవ భాగంలో ఆయన, మనుషులు తీరిక కోసమే పనిపాటలలో మునుగుతారని, యుద్ధం శాంతి కోసం జరిగినట్లే శ్రమ తీరిక కోసం జరుగుతుందని నిరూపించబోయాడు. ఆ తీరికకు గ్రీకు మాట ‘స్కోలే’. బడిని తెలిపే ‘స్కూల్’ అనే మాట దాని నుంచే వచ్చింది. అయితే అరిస్టాటిల్ చెప్పిన తీరిక, బానిసలు పని చేస్తుండగా స్వేచ్ఛాపౌరులు అనుభవించిన తీరిక. ఆ లోపాన్ని అలాగే ఉంచి అతని వాదాన్ని నేటి కాలానికి తెస్తే, అది కలవారి విలాసానికి సమర్థనగా మిగిలిపోతుంది. జర్మన్ కాథలిక్ తత్త్వవేత్త యోసెఫ్ పీపర్ 1948లో ప్రచురించిన గ్రంథంలో ఈ చిక్కును మరొక దారిలో విడదీయడానికి ప్రయత్నించాడు. యుద్ధంలో కూలిన జర్మనీ పునర్నిర్మాణమే పరమార్థమనుకుంటున్న సమయంలో ఆయన, తీరికకు వేరు పండుగలో ఉందని, పండుగకు వేరు ఆరాధనలో ఉందని, ఆరాధన నుంచి తెగిన తీరిక మరుసటి రోజు పనికి బలం కూర్చుకునే మధ్యంతర విరామంగా కుదించుకుపోతుందని చెప్పాడు. అలసట తీర్చుకోవడానికి వచ్చి, తిరిగి అదే అలసటలోకి వెళ్ళే నేటి విహారయాత్రికుని స్థితిని ఈ మాట సరిగ్గా పట్టి చూపుతుంది.

యూదుల సబ్బాతు నియమం ఇంకా లోతుకు వెళ్ళింది. సబ్బాతు అంటే వారంలో ఏడవ రోజు పాటించే విరామం. ద్వితీయోపదేశకాండం దీనికి చెప్పే కారణం గమనించదగినది: ఐగుప్తులో బానిసలుగా బతికిన ప్రజలు ఆ బతుకును మరచిపోకుండా, తమ దాసదాసీలకూ, తమ ఎద్దుకూ గాడిదకూ, తమ గుమ్మాల లోపల ఉన్న పరదేశికీ కూడా విశ్రాంతి ఇవ్వాలి. ఇక్కడ విరామం యజమాని హక్కుగా రాలేదు. యజమాని తన అధికారానికి తానే గీసుకున్న హద్దుగా వచ్చింది. లేవీయకాండంలో ఈ హద్దు నేరుగా ద్రాక్షతోటలోకి అడుగుపెడుతుంది. కోత కోసినప్పుడు తోటను పూర్తిగా దులపరాదని, రాలిన పండ్లను బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టాలని, ఏడేళ్ళకొకసారి తీగను కత్తిరించకుండా నేలకు విశ్రాంతి ఇవ్వాలని అది విధిస్తుంది. 1951లో వెలువడిన ‘ది సబ్బాత్’ అనే పుస్తకంలో అబ్రహం జోషువా హెషెల్, స్థలాన్ని జయించడంలో నిమగ్నమైన నాగరికతకు ఎదురుగా యూదు ధర్మం కాలంలో పవిత్రతను కట్టుకున్నదని వివరించాడు. తెలుగు రైతులోకానికి ఈ భావం కొత్తది కాదు. సంక్రాంతి మరునాడు వచ్చే కనుమ పశువులకు విరామం. ఆ రోజు ఎద్దుల మెడపై కాడి ఎక్కదు, కొమ్ములకు రంగులూ మెడలో దండలూ ఎక్కుతాయి. కనుమనాడు కాకి కూడా కదలదనే సామెత కదలికకే ఒక హద్దు గీస్తుంది. విధులు వేరైనా ఈ సంప్రదాయాలు ఒక సూత్రం దగ్గర కలుస్తాయి: మనిషి తన చేతిని తానే వెనక్కు తీసుకున్న చోట విరామం మొదలవుతుంది.

మనిషి తనపై తాను గీసుకునే ఈ హద్దుకు పూర్తిగా భిన్నమైనది, ఇతరుల బతుకు మీద గీసే హద్దు. బర్దా ప్రాంతం మొదటి ప్రపంచయుద్ధం ముగిసే వరకు ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో ఉండి, తరువాత ఇటలీలోకి, రెండవ ప్రపంచయుద్ధం తరువాత యుగోస్లావియాలోకి, 1991లో స్వతంత్ర స్లొవేనియాలోకి వచ్చింది. ఇల్లు కదలకుండానే ఒక మనిషి నాలుగు రాజ్యాలను చూసి ఉండవచ్చు. 1915 నుంచి 1917 వరకు సోచా నది ఒడ్డున, ఇటాలియన్లు ఇసోంజో అని పిలిచే ఆ నది పేరిట, పన్నెండు యుద్ధాలు జరిగాయి. బర్దాకు కాపలాగా నిలిచినట్లుండే సాబోతిన్ కొండలో ఆనాటి సొరంగాలు నేటికీ ఉన్నాయి. పారిస్ శాంతి ఒప్పందం 1947 సెప్టెంబర్ 15న అమలులోకి వచ్చినప్పుడు, బర్దాలో ఎక్కువ భాగం యుగోస్లావియాకు, ఆ ఊళ్ళ రైతులు చెర్రీలు అమ్ముకునే గోరిజియా పట్టణం ఇటలీకి దక్కాయి. కొండలకు పేరిచ్చిన పట్టణమే పరాయిదేశమైంది. పట్టణం కోల్పోయిన పల్లెల కోసం 1948 నుంచి సరిహద్దు ఇవతల నోవా గోరిత్సా, అంటే కొత్త గోరిజియా, కట్టడం మొదలైంది.

ఆ గీత ఎంత దూరం పోయిందో మీరెన్ గ్రామపు శ్మశానం చెబుతుంది. నోవా గోరిత్సాకు దక్షిణాన ఉన్న ఆ ఊరి శ్మశానం మధ్యనుంచి 1947 నాటి సరిహద్దు సాగింది. ముళ్ళకంచె సమాధుల నడుమ నిలిచి, కొన్ని సమాధులను రెండు రాజ్యాలకు పంచింది. పూడ్చిన వ్యక్తి ఒకరే, ఆ వ్యక్తి విశ్రమించిన నేల మాత్రం రెండు దేశాలది. 1975 నవంబర్ 10న ఇటలీ, యుగోస్లావియాలు సంతకం చేసిన ఓసిమో ఒప్పందంతో గాని శ్మశానం మళ్ళీ ఒకటి కాలేదు. క్రైస్తవుల మృతసంస్కార ప్రార్థనకు ‘రెక్వియెమ్’ అని పేరు. ఆ లాటిన్ మాటకు విశ్రాంతి అని అర్థం. చనిపోయినవారికి నిత్యవిశ్రాంతిని కోరే సంప్రదాయంలో, ఆ విశ్రాంతి మీదుగానే రాజ్యం తన గీత గీసింది. జీవించి ఉన్నవారి పని మీద అధికారం చెలాయించడం రాజ్యాలకు అలవాటే గాని, ఇక్కడ అది మరణంలోని విరామాన్ని కూడా వదలలేదు.

బతికి ఉన్నవారి తోటలూ అలాగే చీలాయి. ఇల్లు ఒక దేశంలో, ద్రాక్షతోట మరొక దేశంలో ఉన్న రైతులను స్లొవేన్‌లో ‘ద్వొలాస్త్‌నికి’ అన్నారు. ఇరువైపులా ఆస్తి గలవారు అని దాని భావం. వీరూ, సరిహద్దు గ్రామాల ప్రజలూ ప్రత్యేక అనుమతిపత్రాలతో రాకపోకలు సాగించేందుకు 1949లోనూ 1955లోనూ ఊదినే నగరంలో ఒప్పందాలు జరిగాయి. తన తీగను తాను కత్తిరించడానికి ఒక రైతు కాగితం చూపించి గేటు దాటవలసి రావడం ఆనాటి నిత్యకృత్యం. 1950 ఆగస్టు 13న గోరిజియా సమీపంలోని సరిహద్దు దగ్గర వేలాదిమంది గుమిగూడి, కాపలాదారులను దాటుకొని పట్టణంలోకి వెళ్ళి బంధువులను కలుసుకున్నారు, యుగోస్లావియాలో దొరకని సరుకులు కొనుక్కున్నారు. ఆ సరుకులలో ఎక్కువమంది చేతుల్లో కనిపించినవి చీపుళ్ళు కావడంతో అది చీపుళ్ళ ఆదివారంగా జ్ఞాపకాలలో నిలిచింది. అది జరిగినది ‘నెదెల్యా’ నాడు, పని చేయని రోజున. విరామదినం మనిషిని మనిషికి దగ్గర చేయాలన్న మతభావాన్ని ఆ జనం, ఏ ఉపదేశం లేకుండానే, ఇల్లు ఊడ్చుకునే చీపురు పట్టుకొని ఆచరించి చూపారు.

ఇక్కడ ఎవరి విరామం ఎవరి శ్రమ మీద నిలిచిందన్న ప్రశ్నను దాటవేయడం న్యాయం కాదు. రెండవ ప్రపంచయుద్ధానంతర కాలం వరకు బర్దా రైతులలో చాలామంది ‘కొలోన్’లు, అంటే భూస్వామి నేలను దున్ని, పంటలో భాగాన్ని అతనికి అప్పగించి, ఆ నేల మీద శాశ్వతహక్కు లేకుండా బతికిన కౌలుదారులు. ఆ కొండల మీది కోటలూ విలాసభవనాలూ ప్రభువుల తీరికకు గుర్తులైతే, వాటి కిందుగా మెట్లుమెట్లుగా దిగే తోటలు ఆ తీరికను మోసిన శ్రమకు గుర్తులు. ఈ నేలను స్థానికులు ‘ఓపోకా’ అంటారు. కోట్ల సంవత్సరాల క్రితం సముద్రపు అడుగున పేరుకున్న మట్టీ ఇసుకా గట్టిపడి పొరలు పొరలుగా ఏర్పడిన రాయి ఇది. తవ్వినప్పుడు బండలా ఉండి, వానకూ మంచుకూ కొన్నేళ్ళు తడిసిన తరువాత చేతితో నలిపితే పలకలుగా విడిపోయి మట్టి అవుతుంది. వాలు మీద ఆ మట్టి జారిపోకుండా మెట్లు కట్టి, వాటి మీద ‘రెబూలా’ అనే తెల్లద్రాక్షను పెంచుతారు. ఇటలీ వైపు ఇదే తీగను రిబోల్లా అంటారు. నిటారు వాలుల మీద యంత్రం నిలవదు కాబట్టి సెప్టెంబరులో వచ్చే ‘తర్గాతెవ్’, అంటే ద్రాక్షకోత, అక్కడ చేతులతోనే సాగుతుంది. వరండాలో కూర్చుని ఆ మెట్ల అందాన్ని చూసే అతిథి కంటికి అది ప్రకృతి దృశ్యంలా తోచవచ్చు. నిజానికి ప్రతి మెట్టూ ఒక కుటుంబం పాతిన నడుమునొప్పి.

అయితే ద్రాక్షసాగులో విరామం శ్రమకు బయట మాత్రమే లేదు, దాని లోపల కూడా ఉన్నది. కోసి పిండిన రసాన్ని ‘మోష్ట్’ అంటారు. దానిలోని చక్కెరను ఈస్ట్ అనే సూక్ష్మజీవి ఆల్కహాల్‌గా మార్చే క్రమాన్ని పులియడం అంటారు. ఆ వారాలలో మనిషి గమనించగలడు, కాపాడగలడు గాని, తొందరపెట్టలేడు. సంవత్సరమంతా కష్టపడిన చేతులు ఒక దశలో పక్కకు జరిగి, తమది కాని పనికి చోటివ్వాలి. స్లొవేనియాలో మోష్ట్ వైన్ అయిందని ప్రకటించేది నవంబర్ 11, సెయింట్ మార్టిన్ పండుగ నాడు. బిషప్పు వేషం వేసిన వ్యక్తి రసాన్ని ఆశీర్వదించే జానపద ఆచారం కూడా ఆనాడు నడుస్తుంది. మద్యాన్ని నిషిద్ధంగానో ప్రమాదకరంగానో చూసే సంప్రదాయాల వారికి ఈ ఆచారం పరాయిగా తోచవచ్చు, ఆ జాగ్రత్తలో న్యాయమూ ఉంది. అయినా ఇక్కడ గ్రహించవలసినది పానీయం మత్తు కాదు. మనిషి శ్రమ ఎంత ఉన్నా ఫలితం పూర్తిగా తన చేతిలో లేదని ఒప్పుకునే క్షణానికి ఒక తేదీ పెట్టి, దానిని పండుగ చేసుకున్న వివేకం ఇక్కడ గ్రహించవలసినది.

ఆ పండుగ ఏ మహనీయుని పేరిట జరుగుతుందో బర్దాలోని ఒక ఊరికీ ఆయన పేరే. ‘ష్మార్ట్నో’ అంటే సెయింట్ మార్టిన్ ఊరు. నాలుగవ శతాబ్దంలో నేటి హంగరీలోని సావారియాలో పుట్టిన మార్టిన్ రోమన్ సైనికుడు. చలిలో వణుకుతున్న బిచ్చగాడిని చూసి, తన అంగీని కత్తితో రెండుగా కోసి సగం అతనికిచ్చాడని, తరువాత సైన్యాన్ని విడిచి సన్యాసి అయ్యాడని, 397లో తూర్ నగరపు బిషప్పుగా మరణించాడని ఆయన చరిత్ర చెబుతుంది. మిగిలిన సగం అంగీని, లాటిన్‌లో ‘కప్పెల్లా’ను, భద్రపరచిన చోటు పేరు నుంచే చాపెల్ అనే మాట పుట్టింది. ఇంతటి శాంతమూర్తి పేరున్న ష్మార్ట్నో, 16వ శతాబ్దంలో వెనిస్ రాజ్యానికి ఎదురుగా హాబ్స్‌బర్గ్ సరిహద్దు కోటగా మారి గోడలు, బురుజులు కట్టుకున్నది. ఆ గోడల లోపలే ఆయన పేరిట చర్చి ఉంది. ఒకే కత్తి రెండు రకాల కోతలు కోయగలదని ఆ ఊరు చెప్పినట్లుంటుంది. ఒక కోతతో వస్త్రం ఇద్దరికి చలి కాచింది. మరొక కోతతో తోట ఇద్దరికీ కాకుండా పోయింది. మొదటి కోతలో కత్తి పట్టినవాడు తనది తగ్గించుకున్నాడు; రెండవ కోతలో ఎవరి నేల తగ్గిందో వారిని ఎవరూ అడగలేదు.

నేడు ఆ కొండల మీద సెలవులు గడిపేవారికి ఈ చరిత్ర కనిపించకుండా పోవడం సులభం. 2004 మే 1న స్లొవేనియా ఐరోపా సమాఖ్యలో చేరింది, ఆ ఏడే నోవా గోరిత్సా రైల్వేస్టేషన్ ముందరి చతుష్పథం మధ్యనున్న కంచె తొలగింది. 2007 డిసెంబర్ 21న స్లొవేనియా షెంగెన్ ప్రాంతంలో, అంటే లోపలి సరిహద్దులలో సాధారణ తనిఖీ లేని దేశాల కూటమిలో కలిసింది. 2025లో నోవా గోరిత్సా, గోరిజియా రెండూ కలిసి ఐరోపా సాంస్కృతిక రాజధానిగా నిలిచాయి. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో వీసా పొంది వెళ్ళిన యాత్రికుడు ఉదయం బర్దాలో నడక మొదలుపెట్టి, మధ్యాహ్నానికి తెలియకుండానే ఇటలీలో ఉండవచ్చు. కాని 2023 అక్టోబర్ 21న ఇటలీ ఈ సరిహద్దులో తనిఖీలను తిరిగి ప్రవేశపెట్టింది. ఒకరికి కనిపించని గీత మరొకరిని ఆపుతూనే ఉన్నది. అందువల్ల యాత్రికుడు అనుభవించే సునాయాసం అతని ఘనత కాదు. కంచెకు ఇరువైపులా కాగితాలు చూపి తమ తోటలకు వెళ్ళినవారు, చీపుళ్ళతో తిరిగి వచ్చినవారు, పంచబడిన సమాధుల ముందు ప్రార్థించినవారు తమ ఓర్పుతో కట్టి ఇచ్చినది అది. ఇచ్చినవారు ఉన్నారు కాబట్టి అది ‘సెలవు’ అనే మాటకు ఉన్న పూర్తి అర్థంలో సెలవు.

భారతీయ సంప్రదాయం యాత్రాస్థలాన్ని ‘తీర్థం’ అన్నది. ఆ మాటకు మూలార్థం నదిని దాటే రేవు. దాటించే చోటు పవిత్రం కావడం వెనుక, దాటేవాడు అవతలి ఒడ్డున ఉన్నవారికి ఏదో బాకీపడతాడన్న ఎరుక ఉంది. అలాగే అతిథిని దైవంగా చూడమన్న ఉపనిషత్తు బోధ గృహస్థుకు విధిని చెబుతుంది గాని, అతిథికి అధికారాన్ని ఇవ్వదు. దైవంగా ఆదరింపబడేవాడు దైవంలా ప్రవర్తించవలసి ఉంటుంది. ద్రాక్షకొండల మీద గడిపే విరామానికి దీనిని అన్వయిస్తే, దాని ధర్మం అసాధ్యమైనదేమీ కాదు. కోతకాలంలో అడ్డు రాకపోవడం, ఆతిథ్యమిచ్చినవారికి కూడా ఆదివారం ఉంటుందని గుర్తుంచుకోవడం, ఊరి పేరునూ తీగ పేరునూ అక్కడివారు పలికినట్లు నేర్చుకోవడం, చూసిన అందం వెనుక ఉన్న శ్రమకు తగిన వెల చెల్లించడం, చెట్టుకు చివరి గుత్తిని ఉంచినట్లు ఆ స్థలంలో కొంత తాను తాకకుండా వదిలిరావడం దానిలో భాగాలు. ఇవన్నీ యాత్రికుడు తనపై తాను గీసుకోగల హద్దులు. ఇవి లేనప్పుడు అతని విరామం ఖాళీగా మాత్రమే ఉంటుంది, సేదతీరదు.

స్లొవేన్‌లో సెలవుల కాలాన్ని ‘పొచీత్నిత్సె’ అంటారు. సమాధి రాళ్ళ మీద చెక్కే ‘పొచీవాతి’ అనే క్రియ, అంటే విశ్రమించడం, అదే మూలానికి చెందినది. వేసవిలో బర్దాకు వచ్చే పిల్లల కేరింతలూ, మీరెన్ శ్మశానంలో ఇప్పుడు ఏ కంచే లేకుండా పడుకున్నవారి మౌనమూ ఆ భాషలో ఒకే ధాతువు మీద నిలిచి ఉన్నాయి. చనిపోయినవారి విశ్రాంతిని చీల్చిన గీతను తుడిచివేయడానికి 28 ఏళ్ళు పట్టిన నేల మీద, ఒక వారం రోజుల విశ్రాంతిని వినయంతో పుచ్చుకోవడం ప్రతి అతిథికీ ఉన్న కనీస ధర్మం.